జల్లెడలా మారిన కండరం: ఒక ఫ్రోజెన్ సెక్షన్ కేసు

రోగిని, ల్యాబ్‌ను గుర్తుపట్టే వివరాలన్నీ ఇందులో తీసేశాను. టెక్నికల్ సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్నీ దాచలేదు.

నేపథ్యం

నేను హిస్టాలజీ ల్యాబ్‌లో, అంటే టిష్యూను కోసి మైక్రోస్కోప్ కింద చూసే చోట, ఫ్రోజెన్ సెక్షన్ల పని చూస్తాను. ముక్కను గడ్డకట్టించి కోసిన పలచటి పొరలే ఫ్రోజెన్ సెక్షన్లు. మా దగ్గరకి వచ్చేవాటిలో కండరం బయాప్సీలు తక్కువే, కానీ టెన్షన్ పెట్టేవి అవే. మిగతా టిష్యూలు చాలావరకు ఫార్మలిన్‌లో వేసి, పారఫిన్‌లో పొదిగి, తీరిగ్గా కోసుకోవచ్చు. కండరంలో ఎంజైమ్ స్టెయిన్లు, అంటే ఎంజైములు పనిచేస్తున్న చోట రంగు తేలే పరీక్షలు, చేయాలి. ఫార్మలిన్ తగిలితే ఆ ఎంజైములు పనికిరావు. అందుకే ముక్క పచ్చిగానే రావాలి, పచ్చిగానే గడ్డకట్టాలి.

గడ్డకట్టించే పద్ధతి మీద రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. కండరంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. ఆ నీరు నెమ్మదిగా గడ్డకడితే పెద్ద పెద్ద మంచు స్ఫటికాలు తయారవుతాయి. పెరిగే ప్రతి స్ఫటికం చుట్టూ ఉన్న నీటిని తనలోకి లాక్కుంటూ ప్రొటీన్లను పక్కకు నెడుతుంది. స్లైడ్ మీద ఆ మంచు కరిగిపోయాక అక్కడ చిల్లు మిగులుతుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు మైక్రోస్కోప్‌కి కూడా అందనంత చిన్నవిగా ఉండిపోతాయి. సున్నా నుంచి దాదాపు మైనస్ 40 డిగ్రీల దాకా ఉన్న దారిని ముక్క ఎంత త్వరగా దాటితే అంత మంచిది.

మరి మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ఉండగా నేరుగా అందులో ముంచవచ్చు కదా అని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అడుగుతారు. బాగా కాలిన పెనం మీద నీటి చుక్క గెంతడం చూసే ఉంటారు. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి, పెనం వేడి చుక్కకు సరిగా తగలనివ్వదు. నైట్రోజన్‌లో ముక్క పడగానే జరిగేదీ అదే. ముక్క వేడికి నైట్రోజన్ మరిగి, చుట్టూ ఆవిరి దుప్పటి కప్పేస్తుంది. లోపల ముక్క మెల్లగా చల్లబడుతుంది. ఐసోపెంటేన్ అనే ద్రవం మైనస్ 160 దగ్గర గడ్డకడుతుంది, 28 డిగ్రీల దగ్గర గానీ మరగదు. కాబట్టి ముక్క చుట్టూ ఆవిరి దుప్పటి కట్టదు. అందుకే ఒక చిన్న స్టీలు గ్లాసులో ఐసోపెంటేన్ పోసి, ఆ గ్లాసును నైట్రోజన్‌లో నిలబెట్టి చల్లబరుస్తాం. అడుగున తెల్లటి పూసల్లాంటివి కనబడ్డాయంటే అది గడ్డకట్టడం మొదలైందని, ముక్క వేయొచ్చని లెక్క.

సమస్య

నడివయసు వ్యక్తి. కొన్ని నెలలుగా కాళ్లలో బలం తగ్గుతోంది. తొడ కండరం నుంచి బయాప్సీ తీసి పంపారు. అలవాటు ప్రకారం దాన్ని మూడు ముక్కలు చేశాం. మొదటిది బయోకెమిస్ట్రీకి, రెండోది రిజర్వ్, మూడోది సెక్షన్లకు. సెక్షన్ల ముక్కను చివర గడ్డకట్టించడానికి కారణం ఉంది. ఫైబర్లు నిలువుగా నిలబడేలా దాన్ని సరిచూసి పెట్టాలి, అందుకు టైమ్ పడుతుంది. ఆలోగా మిగతావి అయిపోతే బాగుంటుందని ఎప్పుడో ఎవరో పెట్టిన క్రమం అది.

మామూలుగా మొదట వేసే హిమటాక్సిలిన్–ఇయోసిన్ రంగుల స్లైడ్ చూడగానే గుండె జారింది. దాదాపు ప్రతి ఫైబర్‌లోనూ చిల్లులు. కండరం కాదు, జల్లెడ చూస్తున్నట్టుంది. పాథాలజిస్ట్ గారు చూసి రెండు ప్రశ్నలు వేశారు. ఇది మంచు వల్ల వచ్చిన చిల్లా, లేక జబ్బే చిల్లులు చేస్తోందా? కండరంలో వాక్యూల్స్, అంటే ఫైబర్ లోపల ఖాళీలు, చేసే జబ్బులు నిజంగానే ఉన్నాయి. కొన్నిటిలో గ్లైకోజెన్ పేరుకుంటుంది, కొన్నిటిలో కొవ్వు. ఇంకొన్నిటిలో చిల్లు చుట్టూ అంచు కట్టినట్టు రంగు పట్టిన పదార్థం కనిపిస్తుంది. తప్పుగా చదివితే రోగిని లేని జబ్బు కోసం పరీక్షల చుట్టూ తిప్పినట్టవుతుంది. నిజమైన జబ్బును మంచు మీదకు నెట్టేస్తే అంతకన్నా నష్టం.

ముందు ఏం చేశాం

ఇక్కడే నా తప్పు. చిల్లులు కనబడింది సెక్షన్‌లో. సెక్షన్ కోసింది క్రయోస్టాట్, అంటే చల్లటి ఛాంబర్ లోపల బ్లేడ్ ఉన్న కోత యంత్రం. కాబట్టి క్రయోస్టాట్ మీద పడ్డాను.

ఛాంబర్ ఉష్ణోగ్రత మైనస్ 20 నుంచి మైనస్ 24కు దించాను. చిల్లులు అలాగే ఉన్నాయి. మైనస్ 18కి పెంచాను. ఈసారి సెక్షన్ మెత్తబడి, చుట్టుకోకుండా ఆపే యాంటీ-రోల్ ప్లేట్ కింద ముడుచుకుంది. చిల్లులు మాత్రం ఎక్కడివక్కడే. బ్లేడ్ మార్చాను. మందం 8 మైక్రాన్ల నుంచి 10కి పెంచాను, 6కి తగ్గించాను. స్టెయిన్‌కు ముందు చల్లటి అసిటోన్‌లో ఫిక్స్ చేసి చూశాను. ఒక్కటీ పనిచేయలేదు.

కాస్త నిదానంగా ఆలోచించి ఉంటే ఇవేవీ పనిచేయవని ముందే తెలిసేది. క్రయోస్టాట్ లోపాలకు వాటి ముఖం వేరు. బ్లేడ్ పోతే గీతలు పడతాయి. కోణం తప్పితే అలల్లాంటి పట్టీలు వస్తాయి. ఛాంబర్ మరీ చల్లగా ఉంటే సెక్షన్ పొడిపొడిగా పగులుతుంది. వీటిలో ఏదీ ఫైబర్ అంచును చెడగొట్టకుండా లోపల మాత్రమే గుండ్రటి, కోణాల చిల్లులు పెట్టదు. ఆ తేడా నాకు తెలియనిది కాదు. కానీ పాథాలజిస్ట్ గారు రిపోర్ట్ కోసం ఎదురుచూస్తున్నారు, చేతిలో క్రయోస్టాట్ చక్రం ఉంది, తిప్పితే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది.

ఆ తర్వాత చేసింది ఇంకా ఘోరం. పైపొరలో పాడైనా లోపల బాగుంటుందేమోనని బ్లాక్‌ను, అంటే గడ్డకట్టిన ముక్కను, లోతుగా ట్రిమ్ చేస్తూ పోయాను. లోతుకు పోయేకొద్దీ చిల్లులు తగ్గలేదు, పెరిగాయి. ఆగి చూసేసరికి దాదాపు మూడో వంతు టిష్యూ బ్లేడ్ కింద పొడైపోయింది. రోగి తొడ నుంచి కోసి తెచ్చిన ముక్క అది. ఇంకోటి కావాలంటే మళ్లీ కత్తి పెట్టాలి.

కోయడం ఆపాక

ఆ రోజు మధ్యాహ్నం బ్లాక్‌ను మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టేసి, ఇక కొత్త సెక్షన్ కోయొద్దని నిర్ణయించుకున్నాం. అప్పటికే కోసిన స్లైడ్లు చాలానే ఉన్నాయి. వాటినే అడుగుదాం అనుకున్నాం.

మొదటి ప్రశ్న: చిల్లుల్లో ఏమైనా ఉందా? పీఏఎస్ స్టెయిన్‌లో గ్లైకోజెన్ ఉంటే ముదురు గులాబీ రంగు రావాలి. రాలేదు. కొవ్వు కోసం ఆయిల్ రెడ్ ఓ వేస్తే చిల్లుల్లో ఎర్ర చుక్కల్లేవు. గోమొరి ట్రైక్రోమ్ అనే ఇంకో స్టెయిన్‌లో చిల్లు అంచున ఎర్రటి పదార్థం లేదు. అన్నీ ఖాళీ గదులే. పైగా జబ్బు తెచ్చే వాక్యూల్స్ సాధారణంగా కొన్ని ఫైబర్లలో ఉండి కొన్నిటిలో ఉండవు. ఇక్కడ పక్కపక్కనున్న ఫైబర్లన్నీ ఒకే తీరుగా చిల్లులు పడ్డాయి. ఇవి మంచు చిల్లులేనని నాకు నమ్మకం కుదిరింది. అయితే నమ్మకం వేరు, రుజువు వేరు.

రెండో ప్రశ్న: చిల్లులు ఎక్కడ ఎక్కువ? దీన్ని నిజానికి మొదట్లోనే అడిగి ఉండాల్సింది. నాలుగు రెట్ల లెన్స్ పెట్టి ముక్క మొత్తాన్ని కాగితం మీద గీశాం. చిల్లులు ఎక్కువున్న చోటల్లా పెన్సిల్‌తో నింపాం. పైపొర సెక్షన్లలో ముక్క మధ్యభాగం నల్లబడింది, అంచులు దాదాపు శుభ్రంగా ఉన్నాయి. లోతు సెక్షన్లలో మాత్రం అంచూ మధ్యా తేడా లేకుండా అంతా నలుపే.

ఈ బొమ్మ నన్ను ఒక పూటంతా తికమక పెట్టింది. మధ్యభాగం పాడైందంటే ముక్క మొత్తం నెమ్మదిగా గడ్డకట్టిందని అర్థం. అంచుకు చలి ముందు తగులుతుంది, మధ్యకు ఆలస్యంగా చేరుతుంది. అది సరే. మరి బ్లాక్ అడుగుకు పోయేకొద్దీ అంచు కూడా ఎందుకు పాడవుతోంది? ఒకే కారణం రెండు తీరులను ఇవ్వదు. కారణాలు రెండు ఉండొచ్చని ఒప్పుకోవడానికి మనసు ఎందుకో త్వరగా ఒప్పదు.

అప్పుడు మా జూనియర్ టెక్నీషియన్ అడిగాడు. "మేడమ్, బయోకెమిస్ట్రీకి పెట్టిన మొదటి ముక్క ఎలా ఉందో చూశామా?"

చూడలేదు. దాన్ని ఎవరూ ఎప్పుడూ చూడరు, అది ట్యూబ్‌లో వేసి దంచడానికే కదా. పాథాలజిస్ట్ గారిని, బయోకెమిస్ట్రీ వాళ్లను అడిగి, ఒక మూల నుంచి చిన్న పొర తీసుకున్నాం. ఫైబర్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి, డయాగ్నసిస్‌కు పనికిరాదు. కానీ ఒక్క చిల్లు లేదు. అదే మనిషి, అదే కండరం, అదే రోజు, అదే గ్లాసు. జబ్బు చిల్లులు చేసి ఉంటే ఈ ముక్కలోనూ ఉండాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. వెంటనే పాథాలజిస్ట్ గారు, సెక్షన్లలో కనబడే ఖాళీలను జబ్బుగా తీసుకోవద్దని చికిత్స చేస్తున్న డాక్టర్‌కు ఒక మధ్యంతర నోట్ పంపారు.

మొదటి ముక్క బాగుండి మూడోది ఎందుకు పాడైంది

కొన్ని నెలల ముందు ఐసోపెంటేన్ పనిని ఫ్యూమ్ హుడ్‌లోకి, అంటే ఆవిరిని బయటకు లాగేసే గూటిలోకి, మార్చాం. మంచి కారణంతోనే మార్చాం. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, గది వేడికే ఆవిరైపోతుంది. అయితే నైట్రోజన్ డబ్బా పాత గదిలోనే ఉండిపోయింది. గ్లాసును అక్కడ చల్లబరచి, పూసలు కనబడగానే బయటకు తీసి, పక్క గదిలో హుడ్ కిందికి తెచ్చి పనిచేసేవాళ్లం. ఒకే ముక్క ఉన్న రోజుల్లో ఏ ఇబ్బందీ రాలేదు, అందుకే ఎవరికీ అనుమానం కలగలేదు. మూడు ముక్కలున్న రోజున మొదటిది వేసి, లేబుల్ రాసి, రెండోది వేసి, మూడోదాన్ని నిలబెట్టి సరిచూసేసరికి పావుగంట పడుతుంది. అంతసేపూ గ్లాసు నైట్రోజన్ లేకుండా గది వేడిని పీలుస్తూనే ఉంటుంది.

అనుమానం కాదు, కొలిచి చూడాలనుకున్నాం. మామూలు ఫ్రీజర్ థర్మామీటర్ అంత చలిని చదవదు, అందుకే తీగ కొనతో ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తెచ్చాం. మా పద్ధతిలోనే, టిష్యూ లేకుండా, అదే టైమింగ్‌తో నటించాం. మొదటి ముక్క వేసే సమయానికి మైనస్ 150 పైచిలుకు చలి ఉంది. మూడో ముక్క సమయానికి మైనస్ 90కి వచ్చేసింది. చూపుకు మాత్రం గ్లాసు మొదట ఎలా పొగలు కక్కిందో చివరా అలాగే కక్కుతోంది. ఆ పొగను చూసే మేం చల్లగా ఉందనుకుంటూ వచ్చాం. గది గాలిలోని తేమ మైనస్ 90 దగ్గర కూడా పొగలాగే కనబడుతుంది.

రెండో కారణం దొరకడానికి ఇంకో రోజు పట్టింది. అది చక్ దగ్గర, అంటే క్రయోస్టాట్‌లో ముక్కను పట్టి ఉంచే లోహపు బిళ్ల దగ్గర, ఉంది. మామూలుగా ముక్కను చిన్న కార్క్ మీద నిలబెట్టి, అడుగున మాత్రం కాస్త ఓసీటీ (చలికి గట్టిపడే జిగురు) పెట్టి గడ్డకట్టిస్తాం. తర్వాత ఆ కార్క్‌ను చక్‌కు అతికిస్తాం. కార్క్ మధ్యలో ఉంటుంది కాబట్టి అతికించే ఓసీటీ వేడి టిష్యూకి తగలదు. ఆ వారం కార్క్‌లు అయిపోయాయి. గడ్డకట్టిన ముక్కను నేరుగా చక్ మీద, గది ఉష్ణోగ్రతలో ఉన్న ఓసీటీ ముద్దలో గుచ్చాం. ఓసీటీ గడ్డకట్టేలోగా ముక్క అడుగు భాగం కరిగి, క్రయోస్టాట్ మైనస్ 20లో తీరిగ్గా మళ్లీ గడ్డకట్టింది. పెద్ద స్ఫటికాలు పెరగడానికి అంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. లోతుకు పోయేకొద్దీ చిల్లులు ఎందుకు పెరిగాయో అప్పుడు అర్థమైంది. నేను ఉన్నంతలో బాగున్న పైభాగాన్ని చెక్కేసి, పాడైన అడుగు వైపు ప్రయాణం చేశాను.

ముక్కను ఎలా కాపాడాం

మిగిలిన దారులు రెండు. మళ్లీ బయాప్సీ అడగడం, లేదా ఉన్నదాన్ని కరిగించి మళ్లీ వేగంగా గడ్డకట్టించడం. రెండోది వినడానికి వింతగా ఉంటుంది. ఒకసారి గడ్డకట్టిన టిష్యూను కరగనివ్వకూడదనే కదా మనందరికీ నేర్పింది. కానీ కండరం విషయంలో దీనికి అర్థం ఉంది. స్ఫటికం కరిగితే ఆ నీరు మళ్లీ చుట్టూ ఉన్న ప్రొటీన్లలోకి చాలావరకు ఇంకుతుంది. ఈసారి వేగంగా గడ్డకట్టిస్తే చిన్న స్ఫటికాలతో నిలుస్తుంది. అన్ని చిల్లులూ మూసుకుపోతాయన్న హామీ లేదు. కరిగి ఉన్న కాసేపట్లో ఎంజైములు కొంత పోవచ్చు.

పాథాలజిస్ట్ గారు మొదట ఒప్పుకోలేదు. "ఉన్నదీ పోతే?" అన్నారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే రిజర్వ్ ముక్కను ముట్టుకోకుండా, అప్పటికే పాడైపోయిన మూడో ముక్క మిగులు మీద ముందు చేసి చూద్దామన్నాను. అక్కడ పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

మిగులును చక్ నుంచి విడదీసి, గది ఉష్ణోగ్రతలో కొద్ది నిమిషాలు ఉంచాం. ఓసీటీ మెత్తబడగానే దాన్ని తీసేసి, తడిని ఫిల్టర్ పేపర్‌తో మెల్లగా అద్దాం. సెలైన్ (ఉప్పునీరు) తగలనివ్వలేదు, ఎందుకంటే పైన నిలిచిన నీరు మళ్లీ స్ఫటికమే అవుతుంది. ఫైబర్లను నిలువుగా నిలబెట్టి, కొత్త కార్క్ మీద పెట్టి, గ్లాసును నైట్రోజన్‌లోనే ఉంచి, థర్మోకపుల్ చూసుకుంటూ ముంచాం. పదిహేను సెకన్లు మెల్లగా కదిపాం. ఊరికే పట్టుకుని నిలబడితే ముక్క చుట్టూ ఉన్న ద్రవం వేడెక్కుతుంది. అలాగని మరీ ఎక్కువసేపు ఉంచితే ముక్క పగులుతుంది.

మొదటి సెక్షన్ స్లైడ్ మీద పడ్డాక స్టెయిన్ అయ్యేదాకా ఎవరం మాట్లాడుకోలేదు. చిల్లులు దాదాపుగా పోయాయి. అక్కడక్కడా కొన్ని మిగిలాయి, ఫైబర్ల ఆకారం మాత్రం చదవగలిగేలా ఉంది. ఎంజైమ్ స్టెయిన్లలో ఒకటైన ఎన్‌ఏడీహెచ్ కాస్త పాలిపోయినా నిలబడింది. ఆ స్లైడ్లు చూశాకే రిజర్వ్ ముక్కకు అనుమతి వచ్చింది. అదీ మొత్తం కాదు, సగమే. రెండో సగాన్ని ఏం జరిగినా మిగలాలని పక్కన పెట్టాం.

రిజర్వ్ ముక్క మూడోదానికన్నా తక్కువ పాడైంది కాబట్టి ఫలితం ఇంకా బాగా వచ్చింది. చిల్లుల గోల పోయాక అసలు సంగతి బయటపడింది. కోణాలుగా నొక్కుకుపోయిన చిన్న ఫైబర్లు గుంపులుగా ఉన్నాయి. ఫైబర్ల రకాలను విడదీసి చూపే ఏటీపీఏస్ స్టెయిన్‌లో ఒకే రకం ఫైబర్లు ఒక్కచోట చేరి కనిపించాయి. ఇవి కండరం జబ్బు కన్నా నరం వైపు వేలు చూపే గుర్తులు. జల్లెడ స్లైడ్లలోనూ ఈ ఫైబర్లు ఉన్నాయి, వెనక్కి వెళ్లి వెతికితే కనబడ్డాయి. చిల్లులే చూస్తున్న కళ్లకు అవి ఆనలేదంతే. ముక్కను కరిగించి మళ్లీ గడ్డకట్టించిన సంగతి, ఎంజైమ్ స్టెయిన్ల తీవ్రతను ఆ జాగ్రత్తతో చదవాలన్న మాట రిపోర్ట్‌లోనే రాశారు.

ఆ తర్వాత మార్చుకున్నవి

మాకు క్రయోస్టాట్‌కు లాగ్ బుక్ ఉంది, ఫ్రీజర్‌కు ఉంది, స్టెయిన్లకు కూడా ఉంది. గడ్డకట్టించే ఆ పదిహేను సెకన్లకు మాత్రం ఒక్క కాగితం లేదు. రాసుకున్నవన్నీ తిరగేశాం కాబట్టే రాయనిచోట వెతకలేదు. ఇప్పుడు ప్రతి ముక్కకూ ముంచే ముందు ఉష్ణోగ్రత, ఎన్నో ముక్క, ఎవరు ముంచారు అన్నది ఒక షీట్‌లో రాస్తున్నాం. చిన్న నైట్రోజన్ ఫ్లాస్క్ ఒకటి హుడ్ లోపలికే వచ్చింది, గ్లాసు అందులోంచి బయటకు రాదు. పూసలు కరిగిపోతే ఆగి మళ్లీ చల్లబరుస్తాం, ముక్క తడి గాజ్ గుడ్డలో ఐదు నిమిషాలు ఆగినా ఫరవాలేదు.

క్రమం కూడా తిరగేశాం. సెక్షన్ల ముక్క ముందు, బయోకెమిస్ట్రీ ముక్క చివర. దంచేదానికి చిల్లులున్నా నష్టం లేదు. ఇంత చిన్న మార్పు ఇన్నాళ్లు ఎవరికీ తట్టకపోవడం నాకిప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

కార్క్ లేని రోజు వస్తే చక్‌ను ముందే చల్లబరచి, ఓసీటీ అంచులు తెల్లబడటం మొదలయ్యాకే ముక్కను ఆనిస్తాం. అదీ అడుగున ఒక పలచటి పొర మేరకే. అలాంటి రోజు రాకుండా కార్క్‌ల డబ్బాను ప్రతి సోమవారం లెక్కపెట్టే పని జూనియర్‌కు అప్పగించాను. మొదటి ముక్క సంగతి అడిగింది అతనే కదా, ఆ డబ్బా మీద అతని చూపు ఉంటే నాకు ధైర్యం.